పెద్దవాళ్ల సంతకం, పెద్దవాళ్ల మాట: మోసాల గురించి, చివరి రోజుల వైద్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల్లో, మా వీధిలో ఎవరికి కాగితాల పని పడినా నాకే ఫోన్ వస్తుంది. నేను లాయరును కాను. మా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, బ్యాంకుకు, ఆర్డీవో ఆఫీసుకు, ఆఖరికి ఐసీయూ బయట కుర్చీల దాకా తిరిగినదాన్ని. ఆ తిరుగుడులో పదే పదే విన్న ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి. మీ కేసు కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మాత్రం లాయరుకు కాగితాలు చూపించకుండా అడుగు వేయకండి.

చట్టం ప్రకారం వయోవృద్ధులు అంటే ఎవరు?

60 ఏళ్లు నిండిన భారత పౌరులు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఇలాగే చెబుతుంది. తల్లిదండ్రులకైతే ఈ వయసు నిబంధన కూడా లేదు. పిల్లలు లేనివాళ్లయితే, వాళ్ల ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద వాళ్లను పోషించే బాధ్యత పడుతుంది.

అమ్మ ఇల్లు అన్నయ్య పేరున రాసిచ్చేసింది. ఇప్పుడు ఆవిణ్ణి సరిగ్గా చూడటం లేదు. ఇల్లు వెనక్కి వస్తుందా?

రావచ్చు. దస్తావేజులో ఏం రాశారన్న దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. తన కనీస అవసరాలు చూసుకోవాలనే షరతు మీద పెద్దావిడ ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు ఆ మాట తప్పితే, మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నట్టు చట్టం లెక్కవేస్తుంది. ఆవిడ కోరితే, ఈ చట్టం కింద కేసులు వినే ట్రిబ్యునల్ ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించవచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలామంది తల్లులు ఓడిపోయింది ఇక్కడే. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం అదే కోర్టు, ఇది పెద్దవాళ్ల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఆ దృష్టితోనే చూడాలంది. ఆమెకు కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్ట్ డీడ్ రద్దు చేసింది. ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని కూడా చెప్పింది. అందుకే విడి కాగితాలు, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ఏవి ఉన్నా పారేయకండి.

మా పెద్దమ్మ సంగతి చెబుతాను. రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు లేఖరి అరుగు మీద కూర్చుని, బొటనవేలికి అంటిన సిరాను కొబ్బరినూనెతో తుడుచుకుంటోంది. ఏం రాశారో చదివావా పెద్దమ్మా అని అడిగితే, "మనవాడేగా, చదివేదేముందే" అంది. తర్వాత నకలు తీయించి చూస్తే అందులో ఉన్నది "నీ యందు గల ప్రేమాభిమానముల చేత" అన్న మాట ఒక్కటే. తిండి గురించి లేదు, మందుల గురించి లేదు, ఆ ఇంట్లో ఉండే హక్కు గురించి లేదు. ఏడాది తిరక్కుండానే ఆమె మంచం మేడ మీది రేకుల గదిలోకి మారింది. ట్రిబ్యునల్లో మొదటి ప్రశ్న "షరతు ఎక్కడుందమ్మా?" అనే. నెలనెలా ఖర్చులకు డబ్బు ఇప్పించారు గానీ ఇల్లు వెనక్కి రాలేదు.

మరి రాసిచ్చేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

నన్నడిగితే, బతికుండగా రాసివ్వొద్దనే చెబుతాను. వీలునామా రాయండి. దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక మనసు మారిందని మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు.

తప్పనిసరిగా రాసివ్వాల్సి వస్తే దస్తావేజులో రెండు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఒకటి, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు మీవే అని. రెండు, తిండి, బట్ట, వైద్యం చూసుకోకపోతే ఈ దస్తావేజు రద్దవుతుందని. "ఇంట్లోవాళ్ల మధ్య ఇవన్నీ ఎందుకండీ" అని లేఖరి అంటాడు. రాయమనండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లలేని మనిషయితే అధికారినే ఇంటికి పిలిపించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. అంబులెన్సులో తీసుకెళ్లి గేటు దగ్గర వేలిముద్ర వేయించడం నేను కళ్లారా చూశాను. అలా ఎవరికీ చేయకండి.

ఏటా ఒకసారి మీ ఆస్తికి ఈసీ (దాని మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూసుకోండి. మీకు తెలియకుండా ఏదైనా రిజిస్టరై ఉంటే అందులో బయటపడుతుంది.

ట్రిబ్యునల్ అంటే ఎక్కడ? లాయరును పెట్టుకోవాలా?

మీ డివిజన్ ఆర్డీవో ఆఫీసే. తెల్లకాగితం మీద మీ గోడు రాసి, ఆధార్, ఆస్తి కాగితాల నకళ్లు జతచేసి ఇవ్వండి. మీరు వెళ్లలేకపోతే మీరు అధికారం ఇచ్చిన మనిషి గానీ, సంస్థ గానీ ఇవ్వవచ్చు. లాయరు లేకుండానే నడవాలన్నది ఈ చట్టం ఉద్దేశం. పోషణ ఖర్చు కేసును నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఇవాళ్టి మందుల ఖర్చుకు అది ఏ మూలకూ చాలదు, ఆ అంకె మారాలి. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో పైన ఉండే అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14567కు ఫోన్ చేయండి. పెద్దవాళ్ల కోసమే ఉన్న ఎల్డర్ లైన్ అది. 2017లో హైదరాబాద్‌లో చిన్నగా మొదలై తర్వాత దేశమంతా వచ్చింది. ఉచిత న్యాయసహాయానికి 15100. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఈ సహాయం అందుతుంది.

"మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియో కాల్ వచ్చింది. నిజమేనా?

కాదు. మన దేశంలో డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. పోలీసులైనా, సీబీఐ అయినా, ఈడీ అయినా, జడ్జి అయినా వీడియో కాల్‌లో అరెస్టు చేయరు, డబ్బు అడగరు.

వాళ్లు మొదట కొరియర్ పార్సిల్ అంటారు, లేదంటే మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందంటారు. తర్వాత యూనిఫాంలో ఒకడు వస్తాడు. వెనక గోడకు పోలీసు గుర్తు, బల్ల మీద జెండా. గది తలుపు వేసుకోమంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు. ఆ టెన్షన్లో మంచినీళ్లు తాగడానికి కూడా లేవనివ్వరు. బాగా చదువుకున్న రిటైర్డ్ ఉద్యోగులు కూడా ఇందులో చిక్కుకున్నారు కాబట్టి, మోసపోయిన మనిషిని "ఇంత అమాయకంగా ఎలా నమ్మావు" అనకండి. హర్యానాలోని అంబాలాకు చెందిన ఒక వృద్ధ దంపతులకు ఏకంగా సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపించి కోటి రూపాయలకు పైగా లాగేశారు. వాళ్లు రాసిన ఉత్తరం మీదే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు తీసుకుంది. డిసెంబరులో ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

అసలు చట్టం ఏమంటుందో ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, మూడేళ్లకన్నా తక్కువ శిక్ష పడే నేరాల్లో 60 దాటినవాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ముందే ఉండాలి. సాక్షిగా విచారించాలన్నా 60 దాటిన మనిషిని స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. మా అమ్మకు ఈ రెండు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పెట్టుకునే చోట గోడకు అంటించాను. అలాంటి కాల్ వచ్చిన రోజు ఆ కాగితం చదివి, "మా ఇంటికే రండి నాయనా" అని పెట్టేసింది.

డబ్బు పోయింది. ముందు ఏం చేయాలి?

1930కి ఫోన్. వెంటనే, ఏడుపు ఆపుకోవడం కన్నా ముందు. ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి, అది ఇంకా బ్యాంకుల్లో ఉండగానే ఆపించాలి. తర్వాత మీ బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. స్క్రీన్‌షాట్లు, కాల్ వచ్చిన నంబర్లు చెరిపేయకండి. ఆపిన డబ్బు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వచ్చే వీలుంది. తెలంగాణలో ఈ పని లోక్ అదాలత్‌ల ద్వారా కూడా జరుగుతోంది.

బ్యాంకు బాధ్యత ఏమీ ఉండదా?

ఉంటుంది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా వేరే ఎక్కడో లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పని దినాల్లో చెబితే మీ మీద నష్టం పడకూడదు. ఫిర్యాదు చేసిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. తప్పు మీదేనని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మీ నష్టం కిందికే వస్తుంది. తెలియజేశాక కూడా పోతే ఆ నష్టం బ్యాంకుదే. అందుకే ఓటీపీ చెప్పేశామని సిగ్గుపడి ఆగిపోకండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లండి. సమాచారానికి 14448.

ఓటీపీ కూడా రాలేదు, అయినా డబ్బు పోయింది. ఎలా?

వేలిముద్రతో తీసి ఉండవచ్చు. పాత రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు రబ్బరు నకళ్లు చేసి వాడిన కేసులు మన దగ్గరే బయటపడ్డాయి. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టేయండి, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు.

నాన్న ఎఫ్‌డీ చేయమని వెళితే బీమా పాలసీ అంటగట్టారు. ఏం చేయాలి?

పాలసీ కాగితం చేతికొచ్చిన 30 రోజుల లోపల అయితే వెనక్కి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు ఇవ్వాల్సిందే. గడువు దాటినా చెప్పిందొకటి, ఇచ్చిందొకటి అయితే బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

మోసం చేస్తున్నది ఇంట్లోవాళ్లే అయితే?

ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతారు. "పెన్షన్ ఏటీఎం కార్డు మనవడి దగ్గరే ఉంది, అడిగితే విసుక్కుంటున్నాడు." "ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, అదేంటో తెలియదు."

కడుపున పుట్టినవాళ్లయినా, కట్టుకున్నవాళ్లయినా మోసం మోసమే. ఒకరి మీద మనం ఆధారపడి ఉన్నప్పుడు, ఆ అవకాశం తీసుకుని రాయించుకున్న ఒప్పందాన్ని రద్దు చేయమని కోరే హక్కు కాంట్రాక్టు చట్టంలో ఉంది. వయసు వల్లో జబ్బు వల్లో మనసు కుదురుగా లేని మనిషి దగ్గర రాయించుకున్నా అంతే. దస్తావేజు రద్దు కోసం సివిల్ కోర్టుకు వెళ్లడానికి, ఆ సంగతి తెలిసినప్పటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది. కేసుల దాకా వద్దనుకుంటే కనీసం ఇవి చేయండి: ఏటీఎం పిన్ మార్చండి, బ్యాంకు మెసేజీలు మీ ఫోన్‌కే వచ్చేలా పెట్టించుకోండి, ఇచ్చిన జీపీఏ (మీ తరఫున పనులు చేయడానికి ఇచ్చే అధికార పత్రం) ఉంటే రాతపూర్వకంగా రద్దు చేయండి.

నాన్నకు మతిమరుపు మొదలైంది. జీపీఏ తీసుకుంటే సరిపోతుందా?

ఇప్పటికి సరిపోవచ్చు. కానీ మన దేశంలో జీపీఏ, ఇచ్చిన మనిషి మానసిక సామర్థ్యం పూర్తిగా పోతే చట్టం దృష్టిలో చెల్లదు. ఆయన పోతే అదీ పోతుంది. కాబట్టి ఆయనకు అర్థమవుతున్న రోజుల్లోనే వీలునామా, నామినేషన్లు పూర్తి చేయించండి. ఆ రోజే డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే మంచిది.

వీలునామాకు స్టాంపు కాగితం కావాలా? రిజిస్టర్ చేయాలా?

రెండూ తప్పనిసరి కాదు. తెల్లకాగితం చాలు. మీ సంతకమో వేలిముద్రో ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. ఆస్తి పొందబోయేవాళ్లను సాక్షులుగా పెట్టకండి, మీకన్నా చిన్నవాళ్లను పెట్టుకోండి. రేపు వాళ్లలో ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాల్సి రావచ్చు. గొడవలు పడే కుటుంబమైతే రిజిస్టర్ చేయించడమే మేలు. కూతుళ్లకు రాయకపోయినా ఫరవాలేదనుకునే నాన్నలు ఇంకా ఉన్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇస్తూ 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది, 2005లో దేశమంతా అదే దారికి వచ్చింది. వీలునామాతో మీరు రాయగలిగేది మీ వాటా మేరకే.

బ్యాంకు నామినీ ఆ డబ్బుకు యజమాని అనుకోకండి. డబ్బు తీసుకుని అసలు వారసులకు అందించాల్సిన మనిషి మాత్రమే. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

లివింగ్ విల్ అంటే ఏమిటి? కారుణ్య మరణానికి మన దేశంలో అనుమతి ఉందా?

ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం నేరమే, అందులో మార్పు లేదు. కోలుకునే ఆశ లేని స్థితిలో, కేవలం మరణాన్ని సాగదీసే వైద్యాన్ని ఆపడానికి మాత్రం అనుమతి ఉంది. అలాంటి రోజు వస్తే నాకు ఏ వైద్యం వద్దో, నా తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసిపెట్టే కాగితమే లివింగ్ విల్.

ఈ చర్చ మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. హైదరాబాద్‌కు చెందిన చదరంగం ఆటగాడు కె. వెంకటేశ్ కండరాల క్షీణతతో బాధపడుతూ, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోనివ్వమని కోరాడు. 2004 డిసెంబరులో హైకోర్టు ఒప్పుకోలేదు. కొద్ది రోజులకే అతను కన్నుమూశాడు. ఆ తర్వాత, దాడికి గురై దశాబ్దాలుగా స్పృహ లేని స్థితిలో ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో సుప్రీంకోర్టు మొదటిసారి తలుపు కొంచెం తెరిచింది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం కూడా 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి లివింగ్ విల్‌ను గుర్తించింది.

దాన్ని ఎలా రాయాలి?

2018లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దానివల్ల పెద్దగా ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయించుకుంటే చాలు. 18 నిండి, తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసిందై ఉండాలి. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు రాయాలి, ఒకరికన్నా ఎక్కువమందిని పెట్టవచ్చు. ఎప్పుడైనా రాతపూర్వకంగా మార్చుకోవచ్చు. రెండు మూడు ఉంటే చివరగా సంతకం చేసినదే లెక్క.

"వెంటిలేటర్ వద్దు" అని ఊరికే రాయకండి. న్యుమోనియా వచ్చి రెండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి లేచి నడిచినవాళ్లు ఎందరో. "కోలుకునే అవకాశం లేదని డాక్టర్లు తేల్చిన పక్షంలో" అన్న మాట ముందు ఉండాలి.

ఆ కాగితం చూపించగానే వైద్యం ఆపేస్తారా?

లేదు. వైద్యం చేస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా పరిశీలిస్తారు. తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరుతో కూడిన రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. ఆపే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డు ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు.

లివింగ్ విల్ రాయకపోతే?

అయినా ఇదే దారి ఉంది, కుటుంబసభ్యుల సమ్మతితో. కానీ ఆ భారం మీ మీద పడుతుంది. అది ఎంత బరువో నాకు తెలుసు.

మా నాన్న పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. గొట్టం లాగేసుకుంటున్నారని చేతులు రెండూ మంచానికి గుడ్డతో కట్టారు. రోజూ పొద్దున్నే ఒక ఫారం తెచ్చి సంతకం పెట్టమనేవాళ్లు. ఎప్పుడో టీవీ చూస్తూ "నన్నలా గొట్టాలతో ఉంచొద్దర్రా" అన్నారు ఆయన. ఆ మాట నేను విన్నాను, తమ్ముడు వినలేదు. వాడికది నేను నాన్నను వదిలేద్దామంటున్నట్టు వినపడింది. రెండు బోర్డుల సంగతి మాకెవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియదు. చివరికి డాక్టర్ల సలహాకు విరుద్ధంగా తీసుకెళుతున్నామని సంతకం పెట్టి తెచ్చుకున్నాం. ఇల్లు ఇంకో రెండు వీధులు ఉందనగా అంబులెన్సులోనే పోయారు. ఆరేళ్లయింది. తమ్ముడూ నేనూ ఆ రోజు గురించి మాట్లాడుకోం.

వైద్యం ఆపమనడం అంటే గాలికి వదిలేయడం కాదా?

కాదు. నొప్పి, ఆయాసం, భయం తగ్గించే వైద్యం చివరి నిమిషం దాకా చేస్తారు. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది. నొప్పికి మార్ఫిన్ అందడం కష్టంగా ఉండేది, 2014లో చట్టం మార్చి సులువు చేశారు. మీ డాక్టరును పాలియేటివ్ కేర్ అని పేరు పెట్టి అడగండి.

అవయవదానం గురించి కూడా అందులోనే రాయవచ్చా?

రాయవచ్చు, కానీ ఆ సమయానికి కుటుంబం ఒప్పుకోవాలి. ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో నమోదు చేసుకుని ఇంట్లో చెప్పండి. కళ్లయితే ఆరు గంటల లోపల తీయాలి.

పిల్లలంతా అమెరికాలో ఉన్నారు. ఎవరి పేరు రాయాలి?

పిల్లల పేరుతో పాటు, గంటలో ఆసుపత్రికి రాగల మనిషి పేరు ఒకటి రాయండి. చెల్లెలి కొడుకు కావచ్చు, పక్కింటి స్నేహితురాలు కావచ్చు. ఆస్తి పనులకు పిల్లలు అక్కడి నుంచి జీపీఏ పంపితే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి. ఇక్కడికి అందిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి.

ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలి? అపశకునం అంటారు.

అంటారు. మా అమ్మ కూడా అంది. నేను వాదించలేదు, ముందు నాది రాసుకుని ఆమె చేత చదివించాను. నాలుగు రోజుల తర్వాత కళ్లజోడు పెట్టుకుని తెల్లకాగితం అడిగింది. తన మాటల్లో తెలుగులోనే రాసింది. చివర "ఇంక లాభం లేదన్నాక నన్ను ఇంటికి తీసుకురండి, తులసికోట కనపడే గదిలో పడుకోబెట్టండి" అని ఉంది. నోటరీ ఆ వాక్యం అవసరమా అని అడిగాడు. ఉండనీ బాబూ అంది. ఇప్పుడు ఒక నకలు మా ఫ్యామిలీ డాక్టరు దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర ఉన్నాయి. అసలుది బీరువాలో కాదు, వంటింటి అలమరలో మందుల డబ్బా కింద ఉంది. అంబులెన్సు వచ్చిన రోజు అందరి చెయ్యీ ముందు పోయేది అక్కడికేనని ఆవిడే పెట్టింది.